పలచని పొర, వెచ్చని పాట

ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ విప్పి చూస్తే అందులో అయస్కాంతం ఉండదు, రాగి తీగ చుట్టా ఉండదు. చిల్లులున్న రెండు లోహపు పలకలు, వాటి నడుమ బిగించి కట్టిన ప్లాస్టిక్ పొర, అంతే. జపాన్‌లోని స్టాక్స్ కంపెనీ వాడే పొర మందం సుమారు ఒకటిన్నర మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో అది దాదాపు యాభయ్యో వంతు. ఆ పొరకు 580 వోల్టుల స్థిర వోల్టేజీ ఎక్కించి ఉంచుతారు. పొరకీ పలకకీ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు, అంటే మిల్లీమీటరుకు 1,160 వోల్టుల విద్యుత్ క్షేత్రం అక్కడ ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు దాటితే గాలిలోంచే నిప్పురవ్వ దూకుతుంది. ఆ హద్దులో మూడో వంతు కంటే పైన నిలబడి ఈ పరికరం పాట వినిపిస్తోంది. చెవి పక్కన ఇంత వోల్టేజీయా అని భయపడనక్కర్లేదు. మెగాఓమ్‌లలో ఉండే నిరోధాన్ని దాటి వస్తుంది కాబట్టి అక్కడ ప్రవహించగల కరెంటు అతి స్వల్పం.

పాట సిగ్నల్‌ను రెండు పలకలకూ ఎదురెదురుగా ఇస్తారు. ఒక పలక ధన వైపు వెళ్తుంటే రెండోది రుణ వైపు వెళ్తుంది. ఆవేశం మోస్తున్న పొరను ఒకటి లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. ఇందులో అసలు కిటుకు పొర మీది పూతలో ఉంది. ఆ పూత నిరోధం చాలా ఎక్కువ, కాబట్టి పొర ఊగుతున్నప్పుడు దాని మీది ఆవేశానికి అటూ ఇటూ పారే వ్యవధి ఉండదు. ఆవేశం మారనంత కాలం పొర మీద పడే బలం సిగ్నల్ వోల్టేజీకి సరిగ్గా అనుపాతంలో ఉంటుంది. పొర ఆ క్షణాన మధ్యలో ఉన్నా, ఒక పలక వైపు ఒరిగి ఉన్నా తేడా రాదు. హార్వర్డ్‌లో ఫ్రెడరిక్ హంట్ ఈ లెక్కను 1954 నాటి తన పుస్తకంలో వివరించాడు. ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ 1957లో దీన్నే ఇంట్లో పెట్టుకునే క్వాడ్ స్పీకర్‌గా అమ్మకానికి తెచ్చాడు. స్టాక్స్ తన మొదటి మోడల్ ఎస్‌ఆర్-1తో ఇదే సూత్రాన్ని 1960లో చెవుల మీదికి చేర్చింది.

పొర బరువు దాని పక్కనున్న గాలి బరువు కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. సిగ్నల్ కదలమంటే కదులుతుంది, ఆగమంటే ఆగుతుంది. వయొలిన్ కమాను తీగను పట్టుకునే మొదటి క్షణం, గాయకుడు పల్లవికి ముందు తీసుకునే ఊపిరి, తంబురా జీవాళిలోని సన్నని మెరుపు, అన్నీ విడివిడిగా చెవిన పడతాయి. ఈ పరికరం కొన్నవాళ్లు తొలి వారాల్లో మురిసిపోయేది ఇందుకే. కొన్నాళ్లకు చాలామంది నోట వినిపించే మాట ఇంకొకటి ఉంటుంది: "అంతా వినిపిస్తోంది కానీ కాస్త పలచగా, కాస్త పదునుగా ఉంది." అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. హెడ్‌ఫోన్, దాన్ని నడిపే ఆంప్లిఫైయర్ ఇప్పటికే ఖరీదైనవి కాబట్టి మిగిలిన కొద్ది డబ్బుతో 'వెచ్చగా' పలికే సీడీ ప్లేయర్ ఏదో చెప్పమంటారు.

ప్రశ్న సమంజసమైనదే. దీనికి మోడల్ పేరుతో జవాబు చెప్పేముందు, వెచ్చదనం అనే ఆ గుణం భౌతికంగా ఏమిటో తేల్చుకోవాలి. వినేవాళ్లు వెచ్చగా ఉందన్నప్పుడల్లా కొలిచి చూస్తే ఎక్కువసార్లు కనబడేది ఒకే ఆకారం. సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ దాకా, అంటే మగ గొంతు మూలస్వరం, మృదంగం తొప్పి వైపు నాదం నివసించే చోట, ధ్వని కాస్త నిండుగా ఉంటుంది. 2,000 హెర్ట్జ్ దాటాక మెల్లగా వాలుతుంది. 'స', 'ష' అక్షరాల బుస 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతానిది, అది తగ్గితే చెవికి హాయి. ఈ వాలు పెద్దది కానక్కర్లేదు. అన్ని పౌనఃపున్యాల మీదా పరుచుకున్న వాలు అయితే ఒక డెసిబెల్ తేడాను కూడా చెవి పట్టేస్తుంది. దీనికి తోడు రెండో హార్మోనిక్ కొంత చేరితే, అంటే ప్రతి స్వరానికీ పై షడ్జమం లాంటి తోడు సన్నగా కలిస్తే, ధ్వనికి కండ పట్టినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు సీడీ ప్లేయర్‌లోకి వెళ్దాం. 780 నానోమీటర్ల లేజర్ కాంతి పళ్లెం మీది గుంటలను చదువుతుంది. గుంటల వరసకీ వరసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లే. గీతలు పడినా, దుమ్ము ఉన్నా, రీడ్-సోలమన్ సంకేతం పోయిన అంకెలను లెక్కగట్టి తిరిగి తెస్తుంది. వరసగా రెండున్నర మిల్లీమీటర్ల మేర చెడిపోయినా అది పూడ్చగలదు. పూడ్చిన తర్వాత బయటికొచ్చేవి స్టూడియోలో రాసిన అంకెలే, ఉజ్జాయింపు అంకెలు కావు. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఈ 44,100 అనే అంకె కూడా ముచ్చటైనది. తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీదే దాచేవారు. ఒక టీవీ ఫీల్డులో వాడుకోగల 245 గీతలు, గీతకు మూడు నమూనాలు, సెకనుకు 60 ఫీల్డులు, గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు, మళ్లీ అదే 44,100.

ఇక్కడిదాకా వెచ్చదనానికి తావు లేదు. పళ్లెం తిప్పే మోటారు ఎంత బరువైనదైనా, పెట్టె ఎంత మందపు అల్యూమినియంతో చేసినా, సరిగ్గా చదివిన అంకెలు ఒకటే. ప్లేయర్ స్వభావం ఏదైనా ఉంటే అది అంకెలు వోల్టేజీగా మారే చోటా, ఆ వోల్టేజీ బయటికొచ్చే దారిలోనూ ఉండాలి.

అక్కడ నిజంగానే కథ ఉంది. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. దానిలో 16 బిట్ల మార్పిడి చిప్ ఉన్నది ఒక్కటే. ఎడమ, కుడి చానళ్లు వంతులవారీగా దాన్ని పంచుకున్నాయి, అందువల్ల ఒక చానల్ 11 మైక్రోసెకన్లు ఆలస్యంగా వచ్చేది. ఒక చెవి వైపు ధ్వనిని నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపినంత తేడా అది. ఫిలిప్స్ వాళ్ల దారి వేరు. వాళ్ల చేతిలో ఉన్నది 14 బిట్ల చిప్. నమూనాల మధ్య మరిన్ని నమూనాలను లెక్కగట్టి నింపి, వేగాన్ని నాలుగు రెట్లు చేసి, 16 బిట్లకు దగ్గరి ఫలితం రాబట్టారు. అలా చేసినందుకు, బయటి దారిలో నిట్టనిలువుగా కోసే అనలాగ్ ఫిల్టర్ అవసరం తప్పింది, మెల్లగా వాలే ఫిల్టర్ సరిపోయింది. తర్వాత 1985 ప్రాంతంలో వచ్చిన ఫిలిప్స్ టీడీఏ1541 చిప్‌కి 'వెచ్చని చిప్' అన్న పేరు ఈనాటికీ ఉంది. పాత ప్లేయర్లు కొనేవాళ్లు మూత తీసి మొదట దాని కోసమే చూస్తారు.

ఆ పేరులో కొంత భాగం లెక్కకు అందుతుంది. కొందరు ఈ చిప్‌ను మధ్య నమూనాలు నింపకుండా నేరుగా వాడతారు. అప్పుడు వోల్టేజీ మెట్లు మెట్లుగా బయటికొస్తుంది. మెట్టు ఆకారానికే ఒక గణిత స్వభావం ఉంది, పైకి పోయేకొద్దీ అది ధ్వనిని తగ్గిస్తుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర తగ్గుదల 0.75 డెసిబెల్స్, 20,000 దగ్గర 3.2 డెసిబెల్స్. ఇందులో రహస్యం లేదు, ఏ ఇంజినీర్ అయినా కాగితం మీద వేసి చూపగలడు. వెచ్చదనం అని విన్నవాళ్లు నిజంగానే ఒక వాలును విన్నారు.

అయితే ఎలక్ట్రోస్టాటిక్ వాడేవాళ్లకు ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. మెట్లు మెట్లుగా వచ్చే వోల్టేజీలో 22,050 హెర్ట్జ్ పైన పాట ప్రతిబింబాలు మిగిలిపోతాయి. అవి మనకు వినబడవు. కానీ ఈ హెడ్‌ఫోన్ విద్యుత్ పరంగా ఒక కెపాసిటర్, తీగతో కలిపి సుమారు 110 పికోఫారడ్లు. కెపాసిటర్‌ను నడపడానికి కావలసిన కరెంటు పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర 145 కిలోఓమ్‌లుగా కనిపించే భారం 40,000 దగ్గర 36 కిలోఓమ్‌లకు పడిపోతుంది. వందల వోల్టులు ఊపవలసిన ఆంప్లిఫైయర్ మీద, ఎవరూ వినని ధ్వని కోసం అదనపు మోత. ఎలక్ట్రోస్టాటిక్ ఆంప్లిఫైయర్లు తరచూ ఇబ్బంది పడేది పై స్థాయిలోనే. అక్కడే చెత్త పంపడం ఎందుకు?

వాల్వులు పెట్టిన ప్లేయర్ల సంగతి కూడా ఇలాంటిదే. చివరి దశలో ఒక చిన్న ట్రయోడ్ వాల్వు పెడితే రెండో హార్మోనిక్ కొంత చేరుతుంది, కొందరికి అది హాయిగా ఉంటుంది. చౌక ప్లేయర్లో మాత్రం ఆ వాల్వు అలంకారానికే ఎక్కువ పనికొస్తుంది. నిజంగా వాల్వు రుచి కావాలనుకుంటే ఆంప్లిఫైయర్‌లో కోరుకోవడం మేలు. స్టాక్స్ చివరి దశలో వాల్వులున్న ఆంప్లిఫైయర్లు తయారుచేసింది, వందల వోల్టుల పని వాల్వులకు సహజంగా అమరుతుంది.

ఇప్పుడు చాలా వ్యాసాలు పట్టించుకోని విషయం దగ్గరికి వద్దాం. సీడీ ప్లేయర్ పూర్తి స్థాయిలో ఇచ్చేది సాధారణంగా 2 వోల్టులు. స్టాక్స్ ఆంప్లిఫైయర్లు సిగ్నల్‌ను సుమారు వెయ్యి రెట్లు పెంచుతాయి: 100 మిల్లీవోల్టులు లోపలికిస్తే 100 వోల్టులు బయటికి. స్టాక్స్ లాంబ్డా తరహా హెడ్‌ఫోన్‌కి 100 వోల్టులిస్తే 101 డెసిబెల్స్ ధ్వని వస్తుంది. మనం హాయిగా వినేది 80 డెసిబెల్స్ దగ్గర. దానికి చాలేది 9 వోల్టులు, అంటే లోపలికి 9 మిల్లీవోల్టులు. పాట సగటు స్థాయి పూర్తి స్థాయి కంటే 18 డెసిబెల్స్ కింద ఉంటుందనుకున్నా, సీడీ ప్లేయర్ నుంచి 250 మిల్లీవోల్టులు వస్తున్నాయి. కావలసిన దానికి దాదాపు ముప్పై రెట్లు. అందుకే వాల్యూమ్ నాబ్ ఎప్పుడూ కింది భాగంలోనే ఉండిపోతుంది. సాధారణ నాబ్‌లలో ఎడమ, కుడి భాగాలు ఒకదానితో ఒకటి సరిపోలనిది సరిగ్గా అక్కడే. గాయని గొంతు మధ్యలో ఉండక ఒక పక్కకు జరుగుతుంది, నాబ్ కొంచెం తిప్పితే ఇంకో పక్కకు. దాన్ని ప్లేయర్ లోపంగానో హెడ్‌ఫోన్ లోపంగానో అనుకుంటారు. బయటికిచ్చే స్థాయిని తగ్గించుకునే వీలున్న ప్లేయర్ గానీ, మధ్యలో రెండు నిరోధకాలతో చేసిన చిన్న తగ్గింపు పెట్టె గానీ ఇక్కడ ఏ ప్రఖ్యాత చిప్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

స్థాయి గురించి ఇంకొక సంగతి. 1933లో బెల్ లాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ చూపించింది ఇది: ధ్వని తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్థాయి మరింత త్వరగా మరుగవుతుంది. అదే పాట కొంచెం గట్టిగా మోగితే కింది స్వరాలు నిండుగా, వెచ్చగా వినిపిస్తాయి. ఒక ప్లేయర్ 2 వోల్టులు, ఇంకొకటి 2.3 వోల్టులు ఇస్తే తేడా 1.2 డెసిబెల్స్. అంత చిన్న తేడాను చెవి 'గట్టిగా ఉంది' అని గుర్తించదు, 'బాగుంది, నిండుగా ఉంది' అని గుర్తిస్తుంది. అంగట్లో రెండు ప్లేయర్లను పక్కపక్కన పెట్టి విని తీసుకున్న నిర్ణయాల్లో ఎన్ని దీని మీద నిలబడి ఉంటాయో.

దీన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. 1,000 హెర్ట్జ్ స్వరం రాసిన సీడీ ఒకటి, ఏసీ వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి చాలు. రెండు ప్లేయర్ల వోల్టేజీ ఒక శాతం లోపు తేడాకి వచ్చేలా సర్దితే అది 0.1 డెసిబెల్ లోపు. తర్వాత ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి, మార్చేవాళ్లు మీ కంటికి కనబడకూడదు. పదహారు సార్లలో పన్నెండు సార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా ఉందనుకోవచ్చు. ఊరికే ఊహించి చెబితే పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒప్పులు వచ్చే అవకాశం నూటికి నాలుగు లోపే. ఈ పరీక్షకు కూర్చుంటే చాలామందికి తెలిసేది ఒకటే: మంచి స్థితిలో ఉన్న రెండు మామూలు ప్లేయర్లను వేరుచేయడం చాలా కష్టం. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంతకంటే కఠినమైన ప్రశ్న వేశారు. సీడీ కంటే ఎక్కువ వివరమున్న రికార్డింగ్‌ను వినిపిస్తూ, మధ్యలో సీడీ ప్రమాణానికి కుదించే పరికరాన్ని చేర్చి, తీసి చూశారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు నూటికి 49.8. అంటే నాణెం ఎగరేసినట్టే.

మరి పదును ఎక్కణ్ణుంచి వస్తోంది? నా లెక్క ప్రకారం మొదట చూడవలసింది చెవి చుట్టూ ఉండే మెత్త. ఈ హెడ్‌ఫోన్‌కి మంద్రస్థాయి రావాలంటే మెత్త చెంపకు గాలి పోకుండా అంటుకోవాలి. కళ్లజోడు కాడ ఒక్కటి సందు చేసినా, మెత్త ఏళ్ల తరబడి నలిగి అణిగిపోయినా, కింది స్వరాలు జారిపోతాయి, మిగిలిన పై స్వరాలు పదునుగా తేలతాయి. అరచేతులతో మెత్తలను మెల్లగా అదిమి చూడండి. ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే, కొనవలసింది ప్లేయర్ కాదు, కొత్త మెత్తలు.

రెండోది రికార్డింగే. పాత తెలుగు సినిమా పాటల సీడీల్లో గరగర తగ్గించే పేరుతో పై స్వరాలను కోసేసినవి ఉన్నాయి, మిగిలిన గొంతును గట్టిగా మోగేలా నొక్కిపెట్టినవీ ఉన్నాయి. మామూలు స్పీకర్ కొంత దాచేది. ఒకటిన్నర మైక్రాన్ల పొర ఏదీ దాచదు. అలాంటి పళ్లేన్ని ఏ ప్లేయర్లో పెట్టినా హాయిగా పలకదు. అదే పాట ఇంకొక ముద్రణలో దొరికితే వెతికి తెచ్చుకోవడం దానికి నిజమైన మందు.

ఒక్క చోట మాత్రం ప్లేయర్‌కి పెద్ద పాత్ర ఉంది. 1980ల నాటి కొన్ని సీడీలను, ముఖ్యంగా జపాన్ ముద్రణలను, 'ప్రీ-ఎంఫసిస్' చేసి రాశారు. పై స్వరాలను కావాలని పెంచి రాసి, వినేటప్పుడు ప్లేయర్ అంతే తగ్గించాలని పళ్లెం మీదే ఒక గుర్తు పెట్టారు. ఆ పెంపు 10,000 హెర్ట్జ్ దగ్గర 7.6 డెసిబెల్స్, 20,000 దగ్గర 9.5. సరైన సీడీ ప్లేయర్ గుర్తు చూసి తగ్గిస్తుంది. కంప్యూటర్లోకి ఎక్కించిన పాట ఫైళ్లలోనూ, అంకెలను వోల్టేజీగా మార్చడానికి విడిగా కొనే కొన్ని డీ-టు-ఏ పెట్టెల్లోనూ ఆ గుర్తును తరచూ ఎవరూ పట్టించుకోరు. అప్పుడు వినిపించే పదును చెవులు గింగురుమనేంత. పాత సీడీల ప్రేమికులకు నేను ఇప్పటికీ అచ్చమైన సీడీ ప్లేయరే మంచిదనడానికి గట్టి కారణం ఇదే.

చౌక ప్లేయర్ల చర్చలో సోనీ ప్లేస్టేషన్ మొదటి మోడల్ పేరు తరచూ వస్తుంది. ఆటల యంత్రమే అయినా తొలి తరంలో, ఎస్‌సీపీహెచ్-1001 లాంటి వాటిలో, వెనక ఎరుపు, తెలుపు ధ్వని సాకెట్లు నేరుగా ఉండేవి. పాత సామాన్ల అంగళ్లలో కొద్ది డబ్బుకే దొరుకుతున్న దాన్ని అమెరికా పత్రిక స్టీరియోఫైల్ 2008లో సీడీ ప్లేయర్‌గా సమీక్షించింది. వినికిడికి మెచ్చుకున్నారు, కొలతల్లో మాత్రం అది మామూలు సీడీ ప్లేయర్ల కంటే వెనకబడే ఉంది. నచ్చడం వేరు, నమ్మకంగా వినిపించడం వేరు. వెచ్చదనం కోసం వెతికేవాళ్లు తమకు రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది.

నన్నడిగితే కొనవలసింది ఇలా ఎంచుకుంటాను. పాతదే అయినా పేరున్న తయారీ, అందులో కేఎస్‌ఎస్-213 లాంటి విరివిగా దొరికే లేజర్ తల. పాత ప్లేయర్లు చచ్చిపోయేది చిప్ పోయి కాదు, లేజర్ అలసిపోయి. కొనేముందు నిడివి ఎక్కువున్న సీడీ పెట్టి చివరి పాటకు దూకించి చూడాలి. పళ్లెం అంచు దగ్గర ఊగు ఎక్కువ, బలహీనమైన లేజర్ తడబడేది అక్కడే. ట్రే రెండు మూడు సార్లు తెరిచి మూస్తే లోపలి రబ్బరు బెల్టు సాగిందో లేదో తెలుస్తుంది. మన ఊళ్లలో సీడీ ప్లేయర్ల కంటే పాత డీవీడీ ప్లేయర్లు ఎక్కువ దొరుకుతాయి. డిజిటల్ సాకెట్ ఉన్నదైతే దానికి చిన్న డీ-టు-ఏ పెట్టె కలిపి పని నడిపించవచ్చు, పైన చెప్పిన పాత జపాన్ పళ్లేల సంగతి ఒక్కటి గుర్తుంచుకోవాలి.

వెచ్చదనం విషయానికొస్తే, ప్లేయర్‌కీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య చిన్న ఈక్వలైజర్ పెట్టడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. 200 హెర్ట్జ్ కింద రెండు డెసిబెల్స్ పెంచి, 3,000 హెర్ట్జ్ పైన రెండు తగ్గించి వారం రోజులు వినండి. ఏ చిప్‌లోనూ దొరకనంత వెచ్చదనం అందులో ఉంది. పళ్లేన్ని బట్టి మార్చుకోవచ్చు కూడా. మన చెవి గొట్టం 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో సహజంగానే ధ్వనిని పెంచుతుంది, హెడ్‌ఫోన్ కూడా అక్కడే కాస్త ముందుకొస్తే రెండూ కలిసి గుచ్చుకుంటాయి. అక్కడ తగ్గించిన ఒక్క డెసిబెల్‌కే వయొలిన్ స్వరూపం మారిపోవడం వినవచ్చు.

జపాన్ నుంచి పాత స్టాక్స్ ఆంప్లిఫైయర్ గానీ అక్కడి సీడీ ప్లేయర్ గానీ తెప్పించుకునేవాళ్లు ప్లగ్గు పెట్టేముందు వెనక చీటీ చదవాలి. అక్కడి ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే మొదటి పాట మొదలవకముందే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఇక విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు హెడ్‌ఫోన్‌ను వాడనప్పుడు సిలికా జెల్ సంచితో పాటు మూతున్న డబ్బాలో ఉంచాలి. తేమ, దుమ్ము చేరితే పొర మీది ఆవేశం కారిపోతుంది, ఒక వైపు ధ్వని క్రమంగా సన్నబడుతుంది. అలా సన్నబడినప్పుడు ప్లేయర్‌ను అనుమానించేముందు ఎడమ, కుడి తీగలను ప్లేయర్ దగ్గర తారుమారు చేసి చూడాలి. సన్నదనం అదే చెవి దగ్గర ఉండిపోతే ప్లేయర్ తప్పు లేనట్టే, రెండో చెవికి మారితే ప్లేయర్‌ను చూడాలి.